డిక్కీలో ముగ్గుపిండి

ఆ మంగళవారం తెల్లవారకముందే ముసురు పట్టింది. షామీర్‌పేట చెరువు వైపు నుంచి గాలి చల్లగా వస్తోంది. నేనూ నా భార్యా కుట్టిన స్కూలు బట్టలకు ఇస్త్రీ చేసి మూటలు కడుతున్నాం. బడులు తెరిచే రోజులు కాబట్టి ఆ పూటే కొంపల్లి దుకాణానికి సరుకు చేర్చాలి. మూటలన్నీ కారు డిక్కీలో సర్ది మూత వేస్తుండగా మేడ్చల్ నుంచి మా అత్త ఫోను చేసింది.

“అల్లుడా, మీ మామ లేస్తలేడు,” అంది. “చాయ్ సల్లగైంది. పిలిచి పిలిచి సూసిన. లేస్తలేడు.”

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నా భార్య చీర కొంగుతో మొహం తుడుచుకుని, “మూటలు దించాల్నా?” అని అడిగింది. వాన అప్పుడే పెద్దదవుతోంది.

“ఉండనియ్. తడువయి,” అన్నాను.

ఆ పాత కారు గురించి అంత నమ్మకంగా ఒక మాట అనగలిగానంటే అది మామ వల్లనే. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మామ గుండ్లపోచంపల్లిలో నీళ్ల ట్యాంకర్లు తయారుచేసే షెడ్డులో పనిచేశాడు. సుత్తి దెబ్బల మధ్య బతికినందువల్ల ఒక చెవి ముందే పోయింది. లీకు ఉందేమోనని రెండో చెవిని ట్యాంకుకు ఆనించి, అరచేత్తో రేకు తడుముతూ చుట్టూ నడిచేవాడు. ఇంట్లో మంచినీళ్లు తాగినా గ్లాసు కింద రెండో చెయ్యి పట్టేవాడు. చర్చిలో అందరూ తలలు వంచుకుంటే ఆయన కళ్లు పైన రేకుల మీద ఉండేవి. “ప్రార్థన చేస్తున్నవా, రేకులు సూస్తున్నవా?” అని అత్త మోచేత్తో పొడిచేది. “రెండూ ఒక్కటే,” అనేవాడు. అక్కడ కురిసే చోటు కనిపిస్తే ఆ వారంలోనే నిచ్చెన వేసేవాడు.

మా కారు చాలా చేతులు మారి వచ్చింది. ఎండాకాలమంతా బాగానే నడిచేది. వాన పడితే మాత్రం తలుపుల కింద నీళ్లు, డిక్కీలో నీళ్లు. స్పేర్ టైరు పెట్టే గుంతలో ఒకసారి కప్ప కూర్చుని ఉంది. రెండేళ్ల కింద, సరిగ్గా బడులు తెరిచే ముందు, మూటలు తడిసి మెరూన్ లంగాల రంగు తెల్ల చొక్కాలకు అంటింది. దుకాణం ఆయన ఒక చొక్కా ఎత్తి వెలుతురులో చూశాడు.

“భాయ్, ఇంకొక్క మూట తడిసిందనుకో, ఇగ నువ్వు రావద్దు. పని వేరేటోళ్లకిస్త,” అన్నాడు.

మాకు వేరే దుకాణం లేదు. ఆ పని పోతే మిషను మీద గుడ్డ కప్పుకోవాల్సిందే. ఆటో మాట్లాడుకుందామంటే వానలో అదీ తడుస్తుంది. మామకు చెప్పాను. మర్నాడే అత్తను వెంటబెట్టుకుని బస్సు దిగాడు. చేతిలో సంచి, సంచిలో సందులు పూడ్చే లప్పం డబ్బా.

కారు చుట్టూ ఒకసారి తిరిగి, నేల మీద పడుకుని తలుపుల అడుగు చూశాడు. సన్నని రంధ్రాలు కనిపించాయి. “గీడ బొక్కలున్నయి రా! లీకు గాకేమైతది?” అని అన్నిటికీ లప్పం కూరి, వేలితో నున్నగా చేశాడు. జీవితమంతా ట్యాంకులు మూసిన మనిషి అంతకన్నా ఏం చేస్తాడు? నాకూ అదే సబబనిపించింది.

ఆ సాయంత్రం గట్టి వాన పడింది. అది తగ్గాక అందరం ఎక్కి రోడ్డు దాకా వెళ్లాం. బ్రేకు వేస్తే తలుపుల్లో గళగళమని చప్పుడు. మూల తిరిగితే మళ్లీ చప్పుడు. అత్త తలుపుకు చెవి పెట్టి విన్నది.

“ఏమయ్యో, అల్లునికి సేపలు పెంచుకునే నీళ్ల హౌజు కట్టిచ్చినవా?” అంది.

మామ నవ్వలేదు. ఇంటికొచ్చి మేకుతో లప్పం పెళ్లగించాడు. నీళ్లు ఆయన కాళ్ల మీద పడ్డాయి. ఒక తలుపుది అయిపోయేదాకా అక్కడే నిలబడి, అప్పుడు రెండో తలుపు దగ్గరికి పోయాడు. నీళ్లు ఆగాక వంగి ఆ రంధ్రాలను వేలితో తడిమాడు.

“ట్యాంకి అనుకున్న రా,” అన్నాడు చివరికి. “ఇది ట్యాంకి గాదు, ఇల్లు. ఇల్లన్నంక మోరి ఉండాలె.”

అద్దం పక్క నుంచి తలుపు కడుపులోకి ఎట్లాగూ నీళ్లు దిగుతాయి. అవి బయటికి పోవడానికే ఆ రంధ్రాలు. సీటు వైపు రాకుండా లోపల ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. మర్నాడు తలుపు అట్ట విప్పితే ఆ పొర చిరిగి వేలాడుతోంది. మామ కొత్తది కత్తిరించి అంటించాడు. తలుపు సందులో పేపరు ముక్క పెట్టి మూసి లాగి చూసేవాడు. సులువుగా జారి వచ్చిన చోట రబ్బరు పట్టు లేదన్నట్టు. ఆ రబ్బర్లు మార్చాం.

డిక్కీ మాత్రం అంతుపట్టలేదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపించదు, గుంతలో మాత్రం ఉంటాయి. మామ ఆలోచించి ముగ్గుపిండి అడిగాడు.

“మనింట్ల ముగ్గుపిండెక్కడిది? మనమేమన్న ముగ్గులేస్తమా?” అంది అత్త.

పక్కింటి అవ్వను అడిగితే గిన్నె నిండా తెచ్చింది. మామ డిక్కీ లోపల అంచుల వెంట పొడిపొడిగా చల్లి, టార్చి పట్టుకుని తానే లోపల ముడుచుకుని పడుకున్నాడు. “మూత వేసి పైప్ పట్టు,” అన్నాడు. నేను నీళ్లు వదిలాను. అవ్వకు ఆయన లోపలికి దూరింది తెలియదు. గిన్నె కోసం నిలబడి ఉంది. మూత కింద నుంచి, “అల్లుడా, కుడిదిక్కు కొట్టు!” అని వినపడేసరికి ఆమె దండెం దాకా వెనక్కి పోయింది.

“ఎవల్నేసిండ్రు అండ్ల?”

“మా ఇంటాయనే అవ్వా,” అంది అత్త. “గట్లనే ఉండనియ్, నాకు జర నిమ్మళం.”

“వినవడుతాంది!” అన్నాడు లోపలి నుంచి మామ.

తర్వాత నన్నూ ఒకసారి లోపల పడుకోమన్నాడు. ఆ కాసేపు నాకు ఇప్పటికీ కలలాగే ఉంది. నీళ్లు పైన పారుతుంటే చెరువు అడుగున పడుకున్నట్టు ఉంది. బయట మాటలన్నీ దూరం జరిగాయి. టార్చి వెలుగులో తెల్లని పిండి, దాని మీద వెనక లైటు మూల నుంచి నల్లని సన్న గీత ఒకటి మెల్లగా, ఎవరో వేలితో గీస్తున్నట్టు గుంత వైపు దిగింది. “వచ్చింది మామా!” అని అరిచాను. మూత తెరిచాడు. వెలుతురులో ఆయన మొహం కింద నుంచి చాలా పెద్దదిగా కనిపించింది.

“దొంగ దొరికిండా?” అన్నాడు.

లైటు విప్పి, సైకిల్ ట్యూబు కోసి దాని చుట్టూ వేశాడు. తడిసిన పిండి తుడిచేశాం కానీ ఒక మూల కొంచెం ఉంచమన్నాడు. “అది తెల్లగున్నన్ని రోజులు పరేషాన్ గాకు,” అన్నాడు.

మామ పోయిన రోజు మేడ్చల్ దాకా వాన మాతోనే వచ్చింది. నేను దుకాణానికి ఫోను చేశాను. రేపు తెస్తానన్నాను. “సరుకు ఏడుంది?” అన్నాడు ఆయన. “కార్ల ఉంది,” అన్నాను. “తడిసిందనుకో...” అని ఆగిపోయాడు. అద్దాల మీద నీళ్లు జారుతుంటే రోడ్డు పక్క షెడ్లన్నీ కరిగిపోతున్నట్టు కనిపించాయి. తలుపుల్లో చప్పుడు లేదు.

మధ్యాహ్నం సమాధుల తోటలో సన్న తుంపర ఉంది. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. పెట్టె మూత మీద చినుకుల శబ్దం వినిపిస్తోంది. దించే ముందు అత్త వంగి, మూతకు చెవి దగ్గరగా పెట్టింది. ఎవరూ ఆమెను లేపలేదు. తర్వాత తానే లేచింది.

“పిలుస్తలేడు,” అంది నాతో.

నేను మూత అంచు వెంట వేలు పెట్టి చూశాను. ఎక్కడా సందు లేదు.

పొద్దుగూకే వేళకు మేము బయలుదేరుతుంటే అత్త వాకిట్లోకి వచ్చింది. ఇంకా సన్నగా పడుతోంది. “బట్టలు తడిసినయా?” అని అడిగింది. నేను డిక్కీ తెరిచాను. ఆమె చెయ్యి లోపలికి పెట్టి ఒక్కొక్క మూటనూ అడుగు నుంచి తడిమింది. మూలన చిటికెడు ముగ్గుపిండి తెల్లగా ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

“పొడిగనే ఉన్నయి. పో, రేప్పొద్దుగాల జల్దీ అందియ్యి,” అని మూత తానే వేసింది.

కారు నిలబడిన చోట తలుపుల కింద నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా మట్టిలో పడుతున్నాయి. రెండు వైపులా వరసగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి.

మామ ఆ మంగళవారం తెల్లవారకముందు వెళ్లిపోయాడు. మేము దీపాలు పెట్టే వేళకు మూటలతో ఇంటికి వెళ్లిపోయాం.