గుగ్గిలం పూసిన మూత

ముందుగా వినిపించింది ఇనుము మీద సుత్తి దెబ్బ. జీడితోట అవతలినుంచి, తొందర లేకుండా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక నిట్టూర్పుకి చోటిస్తూ. ఎచ్చెర్ల దగ్గర పికప్ బండి రెండోసారి ఆగిపోయాక, ఆ నిశ్శబ్దంలో సూరయ్యకి చుట్టుపక్కల మరో మనిషి జాడంటూ తెలిసింది ఆ చప్పుడొక్కటే.

అరవై ఎనిమిదో సంవత్సరం, వేసవి. బండిలో పన్నెండు చేపల గంపలు, గంపల మధ్య సముద్రపొడ్డు పాలెం ఆడవాళ్ళు నలుగురు. వాళ్ళలో పెద్దది సూరయ్య వదిన జగ్గమ్మ.

"ఏటి మరిదీ, మళ్ళీ అలిగిందా నీ రెండో పెళ్ళాం?"

సూరయ్య నవ్వలేకపోయాడు. పాలెం ఆడవాళ్ళు తడి గంపలు నెత్తిన పెట్టుకుని, చీకటితో లేచి శ్రీకాకుళం నడిచేవారు. పది ఇళ్ళవాళ్ళ చేత మిలటరీ వేలంలో ఈ పాత బండి కొనిపించి ఆ నడక మాన్పించింది అతనే. రెండు నెలలు బాగా తిరిగింది. ఇరవై రోజులుగా దారిలో ఆగుతోంది, చేపలు మెత్తబడుతున్నాయి. ఇవాళ కూడా బజారుకి అందకపోతే బండి అమ్మేసి, మళ్ళీ గంపలెత్తుకోవలసిందేనని పాలెం పెద్దలు నిన్ననే తేల్చేశారు.

"నీ బండికో దండం. ఎండెక్కితే ఈ సేపలు ఎవుడు కొంతాడు? లెగండే," అంటూ జగ్గమ్మ గుడ్డ చుట్టి నెత్తిన పెట్టుకుంది. నలుగురూ నాలుగు గంపలెత్తుకుని సాగిపోయారు. గంపల్లోంచి రాలిన చుక్కలు రోడ్డు మీద కాసేపు మెరిసి ఆరిపోయాయి.

సూరయ్య సుత్తి చప్పుడు పట్టుకుని తోట దాటాడు. తాటాకు పాక ముందు ఒక యాభై ఏళ్ళ మనిషి ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా బిగిస్తున్నాడు. మూడుసార్లు పిలిచినా తిరగలేదు. భుజం తడితే తిరిగి, సూరయ్య పెదాల వంక చూశాడు.

"నాకు సెవులు ఇనపడవు బావూ. నా మొకం సూసి సెప్పు."

అతను ఎర్రన్న. చిన్నప్పటినుంచీ గోనె మిల్లులో మగ్గాల మధ్య పెరిగినవాడు. అక్కడి హోరులో మాట మనిషికి అందదు. పనివాళ్ళు ఒకరి పెదాలు ఒకరు చదువుకునేవారు, మగ్గం నలతని అరచేత్తో తెలుసుకునేవారు. చివరి ఎనిమిదేళ్ళూ ఎర్రన్న మిల్లు లారీల షెడ్డులో గడిపాడు. వినికిడి సన్నగిల్లే కొద్దీ అతని చేతులు వినడం నేర్చుకున్నాయి. భార్య తాయారు పోయాక ఈ రోడ్డు పక్కకి వచ్చి పాక వేసుకున్నాడు. బళ్ళు వస్తాయి, పోతాయి. పని లేకుండా ఎవరూ ఆగరు.

బండి దగ్గరికొచ్చి అతను వెంటనే దేన్నీ ముట్టుకోలేదు.

"ఆగినాక ఎంతసేపటికి కదుల్తాది?"

"రెండు బీడీలు కాల్సినంత సేపు."

"ఇంజను ఏడెక్కితేనా?"

"నేదు మావా, తెల్లారగట్ట సలవలో కూడా ఇదే వరస. పట్నం మేస్త్రీ ప్లగ్గులు మార్సినాడు, కార్బురేటర్ కడిగినాడు. ఆడి కాడ బంగారంలా తిరుగుతాది. మా దారెక్కితే సాలు, మొండికేస్తాది."

ఎర్రన్న ఇంజను పక్కనున్న పంపు దగ్గర పెట్రోలు గొట్టం విప్పి, బండి ముందున్న హేండిల్ తిప్పమన్నాడు. గొట్టం చివర ఒక బొట్టు వేలాడి, అక్కడే నిలిచిపోయింది.

"పెట్రోలు నేదా?"

"అర టాంకీ ఉన్నాది!"

అతను గొట్టం వెంట అరచెయ్యి జరుపుకుంటూ టాంకీ దాకా వెళ్ళి, మూత దగ్గర ఆగాడు. మూత చుట్టూ గోధుమరంగు పూత గాజులా గట్టిపడి ఉంది.

"ఇదేటి?"

"గుగ్గిలం. నూనిలో కాసి, ఇరవై రోజుల కిందట నానే పూసినాను," అన్నాడు సూరయ్య కొంచెం గొప్పగా. "ఉప్పుగాలి, ఇసక దూరీకుండా. మూతకి సన్న కన్నం ఉంటే అదీ పూడ్సీసినాను. పెట్రోలు పోసినప్పుడల్లా మళ్ళీ పూస్తాను."

ఎర్రన్న చప్పుడు లేకుండా నవ్వాడు. గుగ్గిలం గీకి, మూత వదులు చేసి, సూరయ్య చెయ్యి లాగి ఆ సందు మీద పెట్టాడు. అరచేతి కిందనుంచి గాలి లోపలికి పోతోంది, నీళ్ళలో మునిగి పైకి తేలినవాడు తీసుకునే మొదటి ఊపిరిలా.

"కిందకి పెట్రోలు దిగాలంటే పైనుంచి గాలి రావాల. ఆ కన్నం అందుకే ఎట్టినారు. అది మూసీస్తే పంపు ఎంత పీల్సినా రాదు. బండి ఆగినాక ఏ సందులోంచో రవ్వంత గాలి దూరి, మళ్ళీ కదుల్తాది. మేస్త్రీ మూత ఊడదీసి సూసుంటాడు, అందుకే ఆడి కాడ తిరిగింది."

సూరయ్య తన చేతులు చూసుకున్నాడు. పడవ అతుకుల్లో గుగ్గిలం నింపి పెరిగిన చేతులు. సముద్రం మీద సూది మొనంత కన్నమైనా ప్రాణాల మీదికి తెస్తుంది. కన్నం కనిపిస్తే పూడ్చకుండా ఉండటం ఆ చేతులకి తెలియదు. ఎంత ప్రేమగా పూశాడో అంత గట్టిగా పీక నొక్కాడన్నమాట.

"అయితే నానే సంపుకున్నాను దీన్ని."

"సావనేదుగా," అన్నాడు ఎర్రన్న.

గోనెలు కుట్టే దబ్బనంతో కన్నం తెరిచాడు. మూత మీద పల్చటి గోనెగుడ్డ వదులుగా కట్టాడు. "గాలి పోతాది, ఇసక ఆగుతాది." ఈసారి హేండిల్ తిప్పగానే గొట్టంలోంచి పెట్రోలు ధారగా చిమ్మింది. గొట్టం బిగించాక ఇంజను అందుకుంది. ఎర్రన్న దాని మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ముందు సీట్లోకి ఎక్కాడు.

"పద. ఆడోళ్ళని అందుకుందాం."

ఒక మైలు. ఇంకో మైలు. ఇక్కడే, ఇప్పుడే ఆగుతుందనుకున్న ప్రతి చోటూ వెనక్కి వెళ్ళిపోయింది. మూడో మైలు దగ్గర నాలుగు గంపలు కనిపించాయి. జగ్గమ్మ ఆగి, బండిని, కొత్త మనిషిని చూసింది. బాగుచేసింది ఇతనే, చెవులు వినపడవని సూరయ్య చెబితే గొణుక్కుంది: "సెవిటోడు బాగుసేసిన బండి నానెక్కను."

"సెవిటోడినే గానీ గుడ్డోడిని కాదు అప్పా," అన్నాడు ఎర్రన్న. "నీ నోరు నాకు బాగానే కనబడతన్నాది. ఎక్కు."

మిగతా ముగ్గురూ పగలబడి నవ్వారు. జగ్గమ్మ నాలిక కరుచుకుంది. నెత్తి మీది గంప దించి బండిలోకి నెట్టింది. ఎక్కబోతూ రెండు పెద్ద చేపలు తీసి ఎర్రన్న చేతిలో పెట్టింది.

ఎర్రన్న దిగాడు. పాక దాకా మూడు మైళ్ళు నడవాలి. సూరయ్య అతనికి కనబడేలా మొహం తిప్పి, దండం పెట్టాడు.

"బేగి పో, బజారు లెగిసిపోతాది," అన్నాడు ఎర్రన్న. "రేపు పొద్దున్న నా పాక కాడ ఓపాలి ఆపు బావూ. బండి ఆగిపోయి కాదు, నువ్వే ఆపు. ఇంజను మాత్రం నడవనీ. ఓసారి సెయ్యేసి సూసుకుంతాను."