హద్దురాయి మీద కాలు

నగరం ఇక్కడితో ఆగాలని పాతించిన హద్దురాళ్లకు ఆయన కాపలాదారేమీ కాదు. వాటి అవతలి మైదానానికి ఇళ్లు కట్టకూడదని ప్లానింగ్ ఆఫీసు మ్యాపులో పచ్చరంగు వేసిన డ్రాఫ్ట్స్‌మన్, అంతే. అయినా రోజూ సాయంత్రం వచ్చి, కదులుతున్న పన్నును చూసుకున్నట్టు ఒక్కో రాయినీ కాలితో నొక్కి చూస్తాడు. కుక్కను తిప్పుకునేవాళ్లను వదిలేస్తాడు. కుక్క లేకుండా వచ్చి చుట్టూ కలయజూసేవాళ్ల మీద మాత్రం ఓ కన్నేసి ఉంచుతాడు.

నిన్న కూతురినీ, కొత్తల్లుణ్ణీ షికారుకు వెంటబెట్టుకొచ్చాడు. అల్లుడు గుండెనిండా గాలి పీల్చి, "ఎంత బాగుందో మావయ్యా! ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది" అన్నాడు.

ఆయన కాలు రాయి మీదే ఆగిపోయింది. "ఎన్ని అంతస్తులు వేద్దామని బాబూ?" అని మెల్లగా అడిగాడు.

"నీ అనుమానం పాడుగాను నాన్నా!" అంటూ కూతురు పగలబడి నవ్వింది. అల్లుడు మాత్రం నవ్వకుండా, మైదానాన్ని చుట్టూ ఓసారి కలయజూశాడు.