పొద్దున అంటుకునే కళ్ళు, మాపటికి మండే కళ్ళు

నా చిన్నప్పుడు కొత్తవాడలోని మా ఇంట్లో తాతయ్య, నేను ఇద్దరమే ఉండేవాళ్ళం. అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆయనకు ఆమె ఒక్కతే కూతురు. తాతయ్య జంపఖానాలు నేసేవాడు. పొద్దంతా మగ్గం చప్పుడే తప్ప మా మధ్య మాట తక్కువ.

ఆ చలికాలం నా కళ్ళు ఎర్రబడ్డాయి. తాతయ్య కళ్ళు అంతకు ముందునుంచే ఎర్రగా ఉండేవి. అమ్మను తలుచుకుని ఏడుస్తున్నాడనుకునేదాన్ని. అడిగితే ఇంకా ఏడుస్తాడేమోనని అడగలేదు. ఆయనేమో ఎందుకని అడగకుండా తన కళ్ళ చుక్కలమందే నాకూ వేసేవాడు. నయం కాలేదు. బళ్ళో కండ్లకలక అంటుకుంటుందని పిల్లలు దూరం జరిగారు. చివరి బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఇంటికొచ్చినా అంతే.

పక్కింటి అక్క, మేం ఆపా అని పిలిచే ఆమె, దవాఖానలో నర్సు. ఒక ఆదివారం గోడ దగ్గర ఒంటరిగా నిలబడ్డ నన్ను వెలుతురులోకి తీసుకెళ్ళి, రెప్పలు పరీక్షగా చూసింది.

"ఏ యాళ్లకు ఎక్కువ బాధైతది బిడ్డా?"

అప్పటిదాకా నన్నెవరూ అడగని మాట అది. నిద్ర లేచేసరికి రెప్పలు అంటుకుపోతాయనీ, వెంట్రుకల మొదట్లో పొట్టు రాలుతుందనీ చెప్పాను. ఆపా లోపలికొచ్చి తాతయ్యనూ అదే అడిగింది.

"పొద్దుగాల మంచిగనే ఉంటయమ్మా. మాపటికి ఇసుక పడ్డట్టు గరగర, మంట," అన్నాడాయన.

"చూడంగ ఇద్దరియి ఎర్రగనే ఉన్నయి గని, రోగం ఒక్కటి కాదు కాకా. పిల్లకు రెప్పల అంచులు వాచినయి. నీకు కన్ను ఎండుతాంది. మగ్గం మీద చూపు పెడితే రెప్ప కొడ్తలేవు. నీ మందు దానికెందుకు ఏస్తానవ్?"

మర్నాడు ఆపా మమ్మల్ని డాక్టరుకు చూపిస్తే ఆయనా అదే చెప్పాడు. నాకు మూసిన రెప్పల మీద గోరువెచ్చని తడిగుడ్డ కాపడం, అంచులు శుభ్రంగా తుడుచుకోవడం. తాతయ్యకు కన్నీళ్ళలాంటి చుక్కలు, పని మధ్యలో కళ్ళకు విశ్రాంతి.

ఇంటికొచ్చాక తాతయ్య మగ్గం ఎక్కలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మ కోసం ఏడుస్తానవనుకున్న బిడ్డా. అడుగుదామంటే భయమైంది," అన్నాడు.

"నేను సుత గట్లనే అనుకున్న తాతా," అన్నాను. అప్పుడు ఇద్దరం నిజంగానే ఏడ్చాం. అమ్మ పోయాక కలిసి ఏడవడం అదే మొదటిసారి.

నా జబ్బు అంటుకునేది కాదని ఆపా బడికొచ్చి చెప్పింది. ఒక్క పిల్ల మాత్రం నా పక్కకు తిరిగొచ్చింది. మిగతావాళ్ళు రాలేదు. కానీ ఇంట్లో పొద్దున్నే తాతయ్య నా కళ్ళ సంగతి అడిగేవాడు, పొద్దుగూకాక నేను ఆయన్ని అడిగేదాన్ని. ఆ రెండు ప్రశ్నలతో మొదలై మా ఇంట్లోకి మెల్లగా మాటలొచ్చాయి.

ఇప్పుడు మడికొండలో ఒంటరిగా ఉంటున్నాను. పొద్దున్నే నా కళ్ళ సంగతి అడిగేవాళ్ళు లేరు. అయినా మా అపార్ట్‌మెంటు మెట్ల మీద ఎవరి కళ్ళయినా ఎర్రగా కనిపిస్తే, కారణం నేనే ఊహించుకుని తప్పుకుపోను. ఆగి, ఏమైందని అడుగుతాను. చెప్పేదాకా నిలబడతాను.