గ్రీకాయన చెవుల్లో ఉన్ని

మా బాబాయికి ఎవరు ఏం చెప్పినా అడిగేది ఒక్కటే: "నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?" చూశానంటే నమ్ముతాడు. ఎవరో చెప్పారన్నామా, ఇక మన పని అయిపోయినట్టే.

"ఏమండీ, పాలు పొంగుతున్నట్టున్నాయి, కాస్త స్టవ్ కట్టెయ్యండి!" అని పిన్ని పెరట్లోంచి అరుస్తుంది.

"నువ్వు చూశావా?"

"వాసనొస్తోంది కదండీ!"

"వాసన ప్రత్యక్ష సాక్ష్యం కాదే."

ఈలోగా పాలు గట్టు దిగి, గడప దాటి, ఆయన కాళ్ల దగ్గరికొచ్చి ప్రత్యక్షమవుతాయి.

ఓసారి డాక్టరుగారు, "మాస్టారూ, మీకు బీపీ ఉంది" అన్నాడు. "మీరు చూశారా?" అన్నాడు బాబాయి. "మిషను చెప్పిందండీ." "మిషనుకెవరు చెప్పారు?" ఆ తర్వాత డాక్టరుగారు తన బీపీ చూసుకున్నాడు.

ఈ జబ్బు అంటించింది ఎప్పుడో చచ్చిపోయిన ఒక గ్రీకు తత్వవేత్త. బాబాయి కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. అప్పట్నుంచీ ఆ గ్రీకాయన మీద పుస్తకం రాస్తున్నాడు, నేను టైపు చేస్తున్నాను. ఆ మహానుభావుడు రాసిన దాంట్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. మిగిలిందల్లా ఆయన గురించి ముగ్గురు రాసిన నాలుగు మాటలు. ఆ ముగ్గురికీ ఆయనంటే ఒళ్లుమంట.

మొదటివాడు తాగుబోతన్నాడు. "వీడు ఆయన పోయిన నూరేళ్లకి పుట్టాడమ్మా, సీసా ఎలా చూశాడు?" అని బాబాయి కొట్టిపారేశాడు. రెండోవాడు పిచ్చివాడన్నాడు. "వీడు మొదటివాడిది చూసి కాపీ కొట్టాడు." వాడూ పోయాడు. మూడోవాడి దగ్గరే బండి ఆగిపోయింది. వాడు స్వయానా శిష్యుడు, పక్కనే కూర్చున్నవాడు. "మా గురువు చెవుల్లో ఉన్ని కుక్కుకుని కూర్చునేవాడు, ఎదుటివాడి వాదన వినే దమ్ములేక" అని రాశాడు.

"చూసినవాడు చెప్పాడు, కాదనలేను. ఉన్ని నిజం. కానీ ఎందుకు?" అని బాబాయి ఏళ్ల తరబడి జుట్టు పీక్కున్నాడు.

"చలేసిందేమోనండీ" అంది పిన్ని.

అలా ఉండగా మేడ మీద వాటాలోకి ఒకమ్మాయి అద్దెకొచ్చింది. మేమూ కింద అద్దెకున్నవాళ్లమే. సామాను దింపుతుండగానే ఎదురింటి ప్లీడరుగారు వచ్చేశారు. "మాస్టారూ, ఈ పిల్లని ఇప్పటికి మూడిళ్లవాళ్లు వెళ్లగొట్టారట!"

"అట అన్నారంటే మీరు చూడలేదన్నమాట" అని బాబాయి ఆయన్ని సాగనంపాడు.

పాపం, ఆ పిల్లే కిందికొచ్చి దాచకుండా చెప్పేసింది. "నేను బాకా వాయిస్తానండీ. రెణ్ణెల్లలో సర్కారు బ్యాండు మేళంలోకి తీసుకునే పోటీ ఉంది. నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం. సాధన చెయ్యకపోతే ఉద్యోగం రాదు, చేస్తే ఇంట్లో ఉండనివ్వడం లేదు."

"బాగా వాయిస్తావా అమ్మా?" అన్నాడు బాబాయి.

"ఇంకా లేదండీ" అంది నిజాయితీగా.

మర్నాడు పొద్దున్న ఆ నిజాయితీ ఏపాటిదో తెలిసింది. అబ్బబ్బ, ఏం మోతండీ! తప్పిపోయిన దున్నపోతు మేడెక్కి గోల పెట్టినట్టుంది. పిన్ని చేతిలో గరిట జారిపోయింది. బాబాయి మాత్రం చక్కగా పేపరు చదువుకుంటున్నాడు.

ఆ రోజునుంచీ మనిషి మారిపోయాడు. మండుటెండల్లో తలచుట్టూ మఫ్లరు! "ఏమండీ, పాలు పొంగుతున్నాయి" అంటే "చూశావా?" అనడం మానేశాడు. అసలు పలకడమే మానేశాడు. "మీ బాబాయికి చెవుడొచ్చిందే" అని పిన్ని కళ్లొత్తుకుంది. ఆ ప్రశ్నతో ఇన్నాళ్లూ వేగలేక చచ్చామా, అది వినపడకపోయేసరికి నాకూ ఇల్లు బోసిగా అనిపించింది.

పోటీకి ఇంకా పది రోజులుందనగా ఒక సాయంత్రం ప్లీడరుగారు ఇల్లుగలావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. మేడ మీద చప్పుడు లేదు. మెట్ల మీద ఆ పిల్ల మాత్రం బాకా గుండెకి హత్తుకుని నిలబడింది.

"మాస్టారూ, మీరు అబద్ధమాడరని ఊరంతటికీ తెలుసు" అంది ఇల్లుగలావిడ. "సరిగ్గా కింద ఉండేది మీరే. ఆ మోత విన్నానని ఒక్క మాటనండి, రేపే ఖాళీ చేయిస్తాను. వినలేదంటే ప్లీడరుగారి మాట పక్కన పెట్టేస్తాను."

ఈ హరిశ్చంద్రుడు విన్నానంటే ఆ పిల్ల బతుకు మళ్లీ వీధిలోకే కదా!

"నేను వినలేదమ్మా" అన్నాడు బాబాయి.

ప్లీడరుగారు గొణుక్కుంటూ ఆవిడ వెనకాలే వెళ్లిపోయారు. పిన్ని విరుచుకుపడింది. "ఇన్నేళ్లకి అబద్ధమాడారా! వీధి చివరిదాకా వినపడే మోత మీకు వినపడలేదా?"

అంతలో ఆ పిల్ల బాకా పట్టుకుని మేడెక్కింది. బాబాయి తాపీగా జేబులోంచి రెండు దూది ఉండలు తీసి, చెవుల్లో కుక్కుకుని, పైన మఫ్లరు చుట్టుకోబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపి, ఒక చెవిలోది లాగేశాను.

"ఓరి బాబోయ్, ఇదా సంగతి!"

"గట్టిగా అరవకే" అన్నాడు సిగ్గుపడుతూ. "వింటే సాక్షినైపోతాను. అడిగితే అబద్ధం చెప్పలేను. ఆ పిల్ల ఇంకో ఇల్లు ఎక్కడ వెతుక్కుంటుంది చెప్పు? అందుకే తను మొదలెట్టకముందే..."

నా చేతిలో దూది వంక చూశాడు. "ఉన్ని!" అని ఒక్క గావుకేక పెట్టి బల్ల దగ్గరికి పరిగెత్తాడు. "టైపు చెయ్యమ్మా! మావాడికి దమ్ములేక కాదు! పక్కింట్లో ఎవరో పిల్లనగ్రోవి నేర్చుకుంటున్నారు!"

"మీరు చూశారా, ఎవరన్నా చెప్పారా?" అంది పిన్ని.

బాబాయి నా చేతిలో దూది లాక్కుని మళ్లీ చెవిలో కుక్కుకున్నాడు.

ఆ పిల్ల పోటీలో నెగ్గింది. కబురు చెప్పడానికి బాకాతోనే పరిగెత్తుకొచ్చి, "ఇన్నాళ్లూ నా వాయింపు ఎలా భరించారండీ?" అంది.

"నేను వింటేగా! ఇప్పుడు వాయించు" అని బాబాయి మఫ్లరు తీసి, దూది తీసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

వాయించింది. ఏం చెప్పను, ఒళ్లు పులకరించింది. పాలు పొంగిపోతున్నా పిన్ని కూడా కదల్లేదు. పాట అయ్యీ అవకముందే బాబాయి వీధి గుమ్మంలోకి పరిగెత్తి, ఎదురింటికేసి చేతులూపుతూ కేకేశాడు.

"ప్లీడరుగారూ! ఇప్పుడొచ్చి అడగండి, విన్నానో లేదో!"