తొట్టిబండీ, జోడుగొట్టాల బండీ

మా మనవరాలు మొన్న ఎర్రటి మోటారు సైకిలొకటి కొనుక్కొచ్చి గుమ్మం ముందు నిలబెట్టి, ఎలా ఉంది తాతా అని అడిగింది. దాని మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టుండడు, బోర్లా పడుకున్నట్టుంటాడు. వెనక సీటు చూస్తే పిచ్చుక కూడా వాలడానికి మొహమాటపడుతుంది. బాగుందమ్మా అన్నాను, అందులో అబద్ధం లేదు, ఎందుకంటే ఎనభై దాటిన నా చెయ్యి నన్నడక్కుండానే వెళ్ళి దాని హ్యాండిల్ మీద పడింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా, ఆ పూటంతా నా మనసు ఖరగ్‌పూర్ రోడ్ల మీదే తిరిగింది.

పంతొమ్మిది వందల అరవైల్లో నేను అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. మా నాన్న శ్రీకాకుళం దగ్గర్నుంచి వచ్చి అందులోనే పనిచేసి, అందులోనే రిటైరయి, ఆ తరవాత పోయాడు. సుభాష్‌పల్లిలో అద్దె ఇంట్లో నేనూ, నాకన్నా పదకొండేళ్ళు పెద్దదైన మా అక్కా ఉండేవాళ్ళం. చిన్నప్పుడు వచ్చిన జ్వరం అక్క ఎడమకాలిని సన్నం చేసేసింది. పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వకుండా, న్యూ సెటిల్‌మెంట్ తెలుగు బడిలో పంతులమ్మగా చేరి, పొద్దున పిల్లలకు చదువు చెప్పి, సెలవు రోజుల్లో ఆ పిల్లల తండ్రులకు సంతకం పెట్టడం, ఊరికి ఉత్తరం రాసుకోవడం నేర్పేది. బొటనవేలికి సిరా పూసుకుని జీతం తీసుకునే మా షాపు మనుషులు కొందరు అక్క ధర్మమా అని కలం పట్టారు. బెంగాలీలు కూడా ఆవిడను దిదిమొణి, అంటే పంతులమ్మ, అనే పిలిచేవారు.

రోజూ బడికి రిక్షాలో వెళ్ళిరావడం ఆవిడకు కష్టంగా ఉండేది. అందుకని రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు తుక్కు కింద అమ్మేసిన మోటారు సైకిలొకటి సంపాదించి, షాపులోని స్నేహితులతో కలిసి ఆదివారాలు కూర్చుని దాన్ని బతికించాను. పక్కన అక్క కోసం రేకుతో సైడ్‌కారు కట్టాం. దానికో మెట్టు పెట్టి, అక్క మంచికాలు ఎంత ఎత్తు లేస్తుందో కొలిచి మరీ బిగించాను. ఊరంతా దాన్ని తొట్టిబండి అనేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు అది ఆయాసపడేది, మలుపులో ఒకవైపుకు లాగేది, సైకిలు తొక్కేవాళ్ళు నన్ను దాటుకుంటూ పలకరించి పోయేవారు. అయినా ఆరేళ్ళపాటు, సాయంత్రం వర్క్‌షాపు సైరను మోగగానే బయల్దేరి, బడి గుమ్మంలో నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్న అక్క ముందు ఆ బండిని ఆపడం నాకు ఊపిరి తీసుకోవడమంత అలవాటైపోయింది.

మెయిలు రైళ్ళు నడిపే ఆంగ్లో ఇండియన్ డ్రైవరొకాయన దగ్గర రెండు సిలిండర్ల విలాయతీ బండి ఉండేది. దాని పేరు చెప్పను, నా ఈడువాళ్ళు ఆ జోడు పొగగొట్టాల చప్పుడు తలుచుకుంటే అదే గుర్తొస్తుంది. ఆయనకు ఆ ఏడు బిడ్డ పుట్టింది. ఆదివారం భార్యనీ బిడ్డనీ చర్చికి తీసుకెళ్ళడానికి నా తొట్టిబండి మీద ఆయన కన్ను పడింది, ఆయన బండి మీద నా కన్ను ఏనాడో పడింది. బదలా చేసుకుందామన్నాడు. ఇచ్చిపుచ్చుకునేది ఏమీ లేదు, బండికి బండి. ముందు ఒక పూట మార్చుకుని చూద్దామని, “లే జావ్, షామ్ తక్ చలాకే దేఖో” అని, తీసుకెళ్ళి సాయంత్రం దాకా నడిపి చూడమని, తాళం నా చేతిలో పెట్టాడు.

అక్కకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే తీసుకొమ్మంటుందని తెలుసు, అలా అనిపించుకోవడానికి సిగ్గేసింది. మధ్యాహ్నం సెలవు పెట్టి, సైరను వేళకు వచ్చేసి, నా బండి నేను తీసుకుని బడికి వెళ్ళిపోతే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. ఊరు దాటి దక్షిణంగా పోయే రోడ్డెక్కాక ఆ లెక్క ఏమైందో నన్నడక్కండి. ఎర్రమట్టి, సాలచెట్లు, ఎదురుగాలి, ఇరవయ్యారేళ్ళ ఒళ్ళు. పక్కన బరువు లేకుండా బండి నడపడం ఎలా ఉంటుందో ఆరేళ్ళ తరవాత మళ్ళీ తెలిసింది, తెలిసి ఆనందంతో గట్టిగా అరిచాను కూడా. నారాయణగఢ్ దాకా పోయి, టీ తాగి, వాలుతున్న ఎండను చూసి గతుక్కుమన్నాను. ఊరంతా నిద్ర లేచేదీ, అన్నం తినేదీ ఏ సైరను ప్రకారమో, ఆ సైరను నాకు ఆ రోజు వినపడలేదు.

పూరీ గేటు మీదుగా తిరిగొచ్చి న్యూ సెటిల్‌మెంట్ రోడ్డులోకి తిరిగేసరికి దారి నిండా జనం. షాపు విడిచిపెట్టిన వేళ సైకిళ్ళు ఏరులా పారాలి, కానీ వందమంది దాకా మనుషులు సైకిళ్ళు దిగి, నడిపించుకుంటూ, ఊరేగింపులో దేవుడి వెనక నడిచినట్టు నెమ్మదిగా పోతున్నారు. ముందేదో ప్రమాదం జరిగిందనుకున్నాను. నా బండి రొదకు మా షాపు బెంగాలీ టర్నరొకాయన వెనక్కి తిరిగి చెయ్యెత్తి, “ఆస్తే, ఆస్తే, దిదిమొణి జాచ్ఛేన్” అన్నాడు, నెమ్మదిగా రా, పంతులమ్మ వెళ్తోంది అని.

అప్పుడు చూశాను. అందరికన్నా ముందు కర్ర ఊనుకుంటూ మా అక్క. సైరను మోగాక కాసేపు నాకోసం చూసి, ఇక రానని నడక మొదలుపెట్టింది. ఇంటికి మైలు పైనే ఉంటుంది. పెద్దవాళ్ళు నడుస్తుంటే సైకిలెక్కి దాటిపోకూడదన్నది మా ఉత్తరాంధ్రవాళ్ళకు తాతల నాటి పద్ధతి, అందులోనూ చదువు చెప్పిన మనిషి. మొదట వచ్చినవాడు దిగి ఉంటాడు, వాణ్ణి చూసి రెండోవాడు దిగి ఉంటాడు. ఎక్కడ అవమానంగా ఉంటుందోనని ఎవరూ ఆవిడ పక్కకు పోలేదు, సాయం చేస్తామనలేదు, ఆవిడ అడుగుకు తమ అడుగు కలిపారంతే.

నేను ఇంజను ఆపేసి దిగాను. ఊళ్ళోకల్లా వేగమైన బండిని ఇంటిదాకా అందరి వెనకా తోసుకుంటూ నడిచాను. టర్నరు నా బండి వైపు ఒకసారి చూసి, ముఖం ముందుకు తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికి చేరాక అక్క అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ, బండిని పైనుంచి కిందదాకా చూసింది. “ఏటిరా, ఇదేనా నీ మనసులోది? బాగుంది. ఉంచీసుకో. నాకు నడక వస్తాదిలే” అంది. ఆ మాట నేను నమ్మలేదు. త్యాగం చేస్తోందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే బండి తిరిగిచ్చేశాను. డ్రైవరు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తరవాత కొన్నాళ్ళకు కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ దాన్ని మేదినీపూర్ కాంట్రాక్టరెవరికో అమ్మేశాడు.

మంచి పని చేశానన్న గర్వం నాకు ఆర్నెల్లు కూడా నిలవలేదు. ఆ జోడు గొట్టాల చప్పుడు రోడ్డు మీద వినపడినప్పుడల్లా ఆ బండి కనుమరుగయ్యేదాకా తల తిప్పి చూసేవాణ్ణి. అలాంటి రోజున గుంతలు చూసుకోకుండా నడిపేవాణ్ణి, పక్కన తొట్టిలో అక్క ఎగిరెగిరి పడేది, కిక్కురుమనేది కాదు. ఈ సంగతి నా భార్యకు కూడా ఇంతవరకూ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

చాలా ఏళ్ళ తరవాత అక్క రిటైరైన రోజున, దండ మెళ్ళో వేసుకుని బడి గుమ్మంలో నిలబడి, ఇవాళ తొట్టి ఎక్కనురా, నడుస్తానంది. నేను బండి తోసుకుంటూ పక్కన నడిచాను. సగం దారిలో ఆగి, ఆయాసం తీర్చుకుంటూ అంది: “ఆ యేల ఈ దారంట నడిసినాను సూడు, ఎంత బాగుండిందో తెలుసా? ఎవులూ ఎత్తుకోకండా, నా కాల్తో నాను. మర్నాటి నుంచీ రోజూ నడిసీద్దుననుకున్నాను.” మరి నడవలేదేమని అడిగాను. నా ముఖంలోకి విచిత్రంగా చూసి, “నా కోసమని నువ్వు ఆ బండి ఒగ్గీసినావు గదరా. మరింక నాను ఎలాగ నడిసీదిరా?” అంది.

ఆవిడ కోసం నేను వేగం మానుకున్నాను. నా కోసం ఆవిడ నడక మానుకుంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు కూర్చుని, అన్నేళ్ళు ఒకరినొకరు ఆ ఒక్క ముక్క అడగలేకపోయాం. దీన్ని ప్రేమ అనాలో తెలివితక్కువతనం అనాలో అక్క పోయి ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేదు.

ఇప్పుడు నాకూ కర్ర వచ్చింది. మందులకని బజారుకు వెళ్తుంటే వెనకనుంచి హారన్లు మోగుతాయి. కోపం రాదు, వాళ్ళ వయసులో నేనూ సైరను కూడా వినలేదు కదా. పక్కకు తప్పుకుని దారి ఇస్తాను. అయితే సిగ్గు విడిచి చెబుతున్నాను, తప్పుకునే ముందు ప్రతిసారీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాను, ఎవరైనా దిగారేమోనని.