దొంగనైన ఆదివారం

నా చిన్నప్పుడు నేను ఏ ఆటలోనూ ఓడిపోలేదు. గొప్పలకు చెప్పడం లేదు. పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోవడంతో మా వీధి పిల్లలు నన్ను ఆటలో అరటిపండుగా పెట్టుకునేవారు. అంటే నేనూ ఆడుతున్నట్టే, కానీ ఎవరు ముట్టుకున్నా నేను ఔట్ కాను. ఆ పిల్లల మంచి మనసును పెద్దవాళ్లు మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకునేదాన్ని. అయినా ఇంటికొచ్చాక ఎందుకో అన్నం సయించేది కాదు.

మా నాన్నగారికి పటాన్‌చెరు దగ్గర ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, గుంటూరు వైపు నుంచి ఇక్కడి క్వార్టర్స్‌కు చేరాం. పక్కింటి అక్కవాళ్లది ఈ ప్రాంతమే. అక్క రెండు కాళ్లూ పడిపోయి, చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండిలో తిరిగేది. ఆదివారం సాయంత్రాలు క్యాంటీన్ షెడ్డు తాళం అడిగి తీసుకుని, చుట్టుపక్కల కాళ్లకో కళ్లకో ఇబ్బంది ఉన్నవాళ్లందరినీ పోగుచేసి ఆటలాడించేది. నన్నూ ఆ జట్టులో జమకట్టేస్తారని అమ్మకు భయం. అక్క అడగ్గా అడగ్గా చివరికి ఒప్పుకుంది కానీ, పిల్ల ఏడుస్తూ వస్తే మళ్లీ పంపనని ముందే చెప్పేసింది.

అక్కడా ఆడేది దొంగాటే. ఒకటే షరతు, ఎవరూ లేచి నిలబడకూడదు. కాళ్లు బాగున్నవాళ్లయినా నేలమీద దేకుతూనే పారిపోవాలి, దేకుతూనే పట్టుకోవాలి. చూపులేనివాళ్లకు తెలిసేలా దొంగ చేతికి గజ్జెలు కట్టేవారు.

నేను హాయిగా గోడకు చేరబడి కూర్చున్నాను. గజ్జెలు అక్క చేతికే ఉన్నాయి. బండి దిగితే ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు. సర్రున వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచింది. నేను నవ్వి, ఇంకొకరి వెంట పడుతుందిలే అని చూస్తున్నాను. ఆమె గజ్జెలు విప్పి నా ముందు పెట్టింది. పాపం తెలియదేమోనని, నేను అరటిపండునని చెప్పాను.

"గసొంటివి ఈడ లేవు," అంది అక్క. "దొరికినవు, ఇగ దొంగవి నువ్వే. జెర జల్దీ రా, అందరం నీ కోసమే ఆగినం."

నాకేమీ అర్థం కాలేదు. అక్కకు నా మీద కోపమా? నేనేం తప్పు చేశాను? దొంగ అయితే ఏం చేయాలో కూడా తెలియదు, ఎప్పుడైనా అయితే కదా. చుట్టూ చూస్తే నిజంగానే అందరూ ఆగిపోయి ఉన్నారు. నేను కదలకపోతే ఆట లేదు. నా కోసం ఏ ఆటా అలా ఆగి ఎరగదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే గజ్జెలు కట్టించుకున్నాను, ఏడుస్తూనే దేకాను. జాలిపడి ఎవరైనా దొరుకుతారేమోనని ఆశపడ్డాను. ఒక్కరూ దొరకలేదు.

అంతలో అమ్మ వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన గౌను, కన్నీళ్ల చారలు చూసి నన్ను అమాంతం ఎత్తుకుంది. పసిదాన్ని ఏడిపించడానికా అడిగి మరీ తీసుకొచ్చావని అక్కను నిలదీసింది. అక్క నా వైపు చూసింది.

"అమ్మా, దించు. నేను దొంగని," అన్నాను.

"ఏడుస్తున్నావు కదే," అంది అమ్మ.

"ఏడుస్తాను. ముందు దించు."

అమ్మ నన్నూ అక్కనూ మార్చి మార్చి చూసింది. ఏం తోచిందో, దించేసింది. ఆట అయ్యేదాకా గుమ్మంలోనే అయోమయంగా నిలబడింది. మళ్లీ ఆదివారం తనే ఒక పాత గౌను తీసి తొడిగింది, మంచిది మాసిపోతుందని.

ఆనాటి ఏడుపు దుఃఖమో సంతోషమో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో మా అపార్ట్‌మెంటువాళ్లు క్యారమ్స్‌లో నా కోసం చేతికందిన కాయిన్ వదిలేస్తే, మంచివాళ్లే అనుకుంటాను, త్వరగా ఇంటికి వచ్చేస్తాను. ఎవరైనా మొహమాటం లేకుండా ఓడిస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. వాళ్లనే రేపు మళ్లీ రమ్మంటాను.