నైరోబీ బాల్కనీలో ఎండ

హెలెన్స్‌బర్గ్ వెంకన్న మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నాలుగేళ్లుగా ఇది నా గొంతులో చేపముల్లు. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

సిడ్నీ శివారు టూంగాబీలో మావాళ్లకు నా కోతలంటే ప్రాణం. ఓ ఆదివారం ఆ వెంకన్న గుడి కార్ పార్కులో, డిక్కీలో పులిహోర గిన్నె పెట్టుకుని తింటూ, మూడు నెలలు నైరోబీలో కూర్చుని సిడ్నీ ఆఫీసు పని చేశానని మొదలుపెట్టాను. పొద్దున్న తొమ్మిదింటి మీటింగు, బాల్కనీలో ఎండ, కోతొకటి వచ్చి లాప్‌టాప్ పక్కనున్న దోసె ఎత్తుకుపోవడం, మేనేజరు దాన్ని మా అబ్బాయనుకుని హలో చెప్పడం. అందరూ విరగబడి నవ్వారు.

నరేందర్ ఒక్కడే నవ్వలేదు. వాళ్లక్క నైరోబీలో ఉంటుంది. ఆవిడకు ఆపరేషను, చూసుకునే దిక్కులేదు. ఇతనికి సెలవుల్లేవు. పీఆర్, అదే శాశ్వత నివాసం, ఇంకా రాలేదు, ఆఫీసు ఇప్పించిన వీసా మీదే పెళ్లాంబిడ్డతో ఉంటున్నాడు.

"ఆఫీసుల పర్మిషన్ అడగలేదా బాస్?"

"అడిగితే నో అంటారు. అడక్కపోతే ఏమీ అనరు."

సరదాకన్నాను. నిజంగా వెళతాడని నాకేం తెలుసు?

వెళ్లాడు. రెండోవారం, సిడ్నీలో పొద్దున్న పదింటి మీటింగులో, గాలికి అతని వెనక కర్టెన్ తొలగింది. కిటికీలో చిమ్మచీకటి. వాళ్ల మేనేజరు చూసింది. ఉద్యోగం పోయింది, దాని వెనకే వీసా.

దేశం వదిలి వెళ్లిపోయేముందు అదే కార్ పార్కులో, అందరి ముందూ అడిగాడు. "మీరు గూడ ఇట్లనే చేసిన్రు గద బాస్. మా ఆఫీసోళ్లకు ఒక్క మాట చెప్పరా?"

"నా కోతలు నమ్మి ఫ్లైటెక్కిన మొదటి మనిషివి నువ్వేనయ్యా!"

నవ్వులే నవ్వులు. అందరికంటే గట్టిగా నేనే. అతని చెయ్యి పట్టుకున్న ఆరేళ్ల కూతురు "వాట్స్ ఫన్నీ, డాడీ?" అనడిగింది.

భయపడి అలా అన్నానా? భయమే అయితే ఈ పాటికి నన్ను నేను క్షమించుకుని ఉండేవాణ్ణి. కాదు. మాట బాగా పేలిందని సంతోషం.

ఒట్టేశాను గానీ, ఒక్కటి కల్పించాను. నైరోబీ సంగతి కాదు, అది అబద్ధమని మీకెప్పుడో తెలిసిపోయింది. 'నాకేం తెలుసు' అన్నానే, అది. తెలుసు. నైరోబీ వెళ్లేరోజు నరేందర్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు.

"బాస్, ఇప్పుడే చూస్తున్న. మన పొద్దున తొమ్మిదంటే ఆడ అర్ధరాత్రి గద? మీ బాల్కనీల ఎండ ఎట్లొచ్చింది? నిజం చెప్పుండ్రి, మీరు పోయిన్రా?"

ఒక్క 'లేదు' చాలు. వెనక్కి వచ్చేసేవాడు.

"అది సాయంత్రం మీటింగులేవయ్యా," అన్నాను. "హెలెన్స్‌బర్గ్ వెంకన్న మీద ఒట్టు."

ఇదిగో, కక్కేశాను.